అమెరికాలో బ్యాంక్రప్ట్సీ అయ్యాక మీ క్రెడిట్ రిపోర్ట్‌ని సరిచేయించుకోవడం ఎలా

బ్యాంక్రప్ట్సీ (దివాలా కేసు) చాప్టర్ 7 అయినా, కొన్నేళ్ళ ప్లాన్ ప్రకారం కొంత కట్టే చాప్టర్ 13 అయినా, కోర్టు నుంచి డిశ్చార్జ్ ఆర్డర్, అంటే అప్పులు రద్దు చేసే ఉత్తర్వు వచ్చిందంటే అప్పులోళ్ళ పోరు తీరిందనుకుని చాలామంది ఆ కాగితాన్ని ఎక్కడో దాచేస్తారు, ఇక క్రెడిట్ రిపోర్ట్ తెరిచి చూడాలంటేనే భయం, ఎలాగూ పదేళ్ళు పాడైపోయింది కదా చూసి ఏం లాభం అనుకుంటారు. అలా వదిలేయొద్దండి. బ్యాంక్రప్ట్సీ అనే ఆ ఒక్క లైన్‌ని మీరు తీయించలేరు, నిజంగా జరిగిన కేసు కాబట్టి దాని టైమ్ వచ్చేదాకా అది ఉంటుంది. కానీ దాని కింద పదో ఇరవయ్యో అకౌంట్లు ఉంటాయి చూడండి, కార్డులు, పర్సనల్ లోన్లు, కలెక్షన్ ఏజెన్సీలు, తప్పులుండేది ఎక్కువగా అక్కడే, వాటిని సరిచేయించే హక్కు చట్టం మీకు పూర్తిగా ఇచ్చింది. రద్దైపోయిన అప్పు ఇంకా బాకీ ఉన్నట్టు కనపడుతుంటే మీకు లోన్ ఇచ్చేవాడు దాన్ని ఇప్పటి అప్పుగానే లెక్కేస్తాడు, కాబట్టి మీ టైమూ ఓపికా అక్కడ పెట్టండి.

ముందు తేదీలు అర్థం చేసుకోండి

రిపోర్ట్‌లో ఏది ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పేది ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్, 1970 నాటి ఫెడరల్ చట్టం. దాని ప్రకారం బ్యాంక్రప్ట్సీ కేసు గరిష్ఠంగా 10 ఏళ్ళు కనపడొచ్చు, మీ అంతట మీరు వేసుకున్న కేసైతే ఆ లెక్క కేసు ఫైల్ చేసిన రోజు నుంచి మొదలవుతుంది, డిశ్చార్జ్ వచ్చిన రోజు నుంచి కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. చట్టంలో చాప్టర్ 7కీ 13కీ తేడా ఏం లేదు, కానీ క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ ఈ మూడు కంపెనీలూ ప్లాన్ పూర్తిచేసిన చాప్టర్ 13ని ఫైల్ చేసిన 7 ఏళ్ళకి తీసేయడం అలవాటుగా పెట్టుకున్నాయి. అంటే 2022 మార్చిలో చాప్టర్ 7 వేస్తే 2032 మార్చి దాకా ఉండొచ్చు. 2019 జూన్‌లో చాప్టర్ 13 వేసి ఐదేళ్ళ ప్లాన్ కట్టి 2024లో డిశ్చార్జ్ అయిన మనిషికి 2026 జూన్‌కే పోవాలి, అంటే డిశ్చార్జ్ తర్వాత రెండేళ్ళు మాత్రమే.

విడి అకౌంట్ల లెక్క పూర్తిగా వేరు, వాటికి బ్యాంక్రప్ట్సీ తేదీతో పని లేదు. కట్టడం ఆగిపోయి మళ్ళీ ఎప్పుడూ సరికాని అకౌంట్ అయితే, మొదట కట్టలేకపోయిన తేదీ నుంచి 7 ఏళ్ళు, ఛార్జ్ ఆఫ్ అయినవాటికీ (ఇక రాదని బ్యాంక్ నష్టంగా రాసేసుకున్నవి) కలెక్షన్‌కి, అంటే బాకీ వసూలు ఏజెన్సీకి వెళ్ళినవాటికీ చట్టం ఇంకో 180 రోజులు కలుపుతుంది. పై ఉదాహరణలో 2022 మార్చిలో కేసు వేసిన మనిషి ఒక కార్డుకి 2021 ఆగస్ట్ నుంచి కట్టడం ఆపేశాడనుకోండి, ఆ కార్డు లైన్ 2028 ఆగస్ట్ ప్రాంతంలో, ఎంత లేటైనా 2029 మొదట్లో పోవాలి, బ్యాంక్రప్ట్సీ లైన్ మాత్రం ఇంకా ఉంటుంది. అకౌంట్లు ముందు పోవడం, కేసు లైన్ చివర్లో పోవడం మామూలే, కంగారు పడకండి.

ఈ కాలపరిమితులకి ఒక మినహాయింపు ఉంది. 1,50,000 డాలర్లు లేదా అంతకన్నా పెద్ద లోన్‌కి, అంతే మొత్తం లైఫ్ ఇన్సూరెన్స్ పాలసీకి, ఏడాదికి 75,000 డాలర్లు లేదా పైన జీతం ఉన్న ఉద్యోగానికి రిపోర్ట్ అడిగితే ఈ పరిమితులు వర్తించవని చట్టంలోనే రాసుంది. ఇంకోటి, ఇంటి లోన్ అప్లికేషన్‌లో గత ఏడేళ్ళలో బ్యాంక్రప్ట్సీ వేశారా అని సూటిగా అడుగుతారు, రిపోర్ట్‌లో కనపడినా కనపడకపోయినా నిజమే రాయాలి, అక్కడ అబద్ధం రాస్తే అది నేరం అవుతుంది.

ఏ కాగితాలు దగ్గర పెట్టుకోవాలి

డిశ్చార్జ్ ఆర్డర్, కేసు నంబర్, పిటిషన్‌తో పాటు వేసిన షెడ్యూళ్ళు. షెడ్యూళ్ళలో డి అంటే తాకట్టు ఉన్న అప్పులు, ఈ-ఎఫ్ అంటే మిగతావి, మీరు ఎవరెవరికి ఎంత బాకీ అని కోర్టుకి చెప్పారో మొత్తం అందులో ఉంటుంది. మీ దగ్గర లేకపోతే లాయర్‌ని అడగండి, ఆయన దొరక్కపోతే కోర్టుల వెబ్‌సైట్ పేసర్‌లో మీరే అకౌంట్ తెరిచి దించుకోవచ్చు, పేజీకి 10 సెంట్లు, ఒక డాక్యుమెంట్‌కి 3 డాలర్లు దాటదు, మూడు నెలల్లో మొత్తం 30 డాలర్లు లేదా తక్కువైతే అసలు వసూలే చేయరు.

ఆ తర్వాత యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌కి వెళ్ళి మూడు కంపెనీల రిపోర్టులూ తీయండి. వారానికోసారి ఉచితం, 2023లో దాన్ని శాశ్వతం చేశారు. పేరు దాదాపు అలాగే ఉండే నకిలీ సైట్లు చాలా ఉన్నాయి, కార్డు నంబర్ అడిగిందంటే మీరు వేరే సైట్‌లో ఉన్నారని అర్థం, వెంటనే బయటికి వచ్చేయండి. ఫోన్ యాప్‌లలో స్కోర్ చూపించే పేజీలు ఈ పనికి చాలవు, పూర్తి రిపోర్టే కావాలి. డిశ్చార్జ్ అయిన మర్నాడే తీయొద్దు, బ్యాంకులు మార్చడానికి కాస్త టైమ్ తీసుకుంటాయి, రెండు మూడు నెలలు ఆగి మూడూ ఒకే రోజు తీసి పీడీఎఫ్‌లుగా దాచుకోండి.

లైన్ లైన్‌గా చూడటం

ఇది విసుగు పని, కానీ అసలు పని ఇదే. ఒక కాగితం మీదో ఎక్సెల్‌లోనో ప్రతి అకౌంట్ పేరు, నంబర్‌లో కనపడే చివరి అంకెలు, బ్యాలెన్స్, పాస్ట్ డ్యూ (గడువు దాటిన బాకీ), స్టేటస్, మొదటి డెలింక్వెన్సీ తేదీ (మొదట కట్టలేకపోయిన తేదీ) రాసుకుని మూడు రిపోర్టుల్లోనూ ఏముందో పక్కపక్కన పెట్టండి. ఒక కంపెనీలో సరిగ్గా ఉండి ఇంకోదాంట్లో తప్పుగా ఉండటం చాలా మామూలు, ఎందుకంటే అవి ఒకదానితో ఒకటి సమాచారం పంచుకునే సంస్థలు కావు.

డిశ్చార్జ్ అయిన అప్పు ఎలా కనపడాలంటే, బ్యాలెన్స్ సున్నా, పాస్ట్ డ్యూ సున్నా, స్టేటస్‌లో చాప్టర్ 7 లేదా 13లో డిశ్చార్జ్ అయిందనో బ్యాంక్రప్ట్సీలో కలిసిందనో రాసుండాలి. బ్యాలెన్స్‌తో ఛార్జ్ ఆఫ్ అని ఉంటే తప్పు. చాప్టర్ 7లో రద్దైన అప్పుకి కేసు వేశాక వచ్చిన నెలల్లో కూడా 120 రోజులు లేట్, 150 రోజులు లేట్ అని పెరుగుతూ పోతుంటే అదీ తప్పే. అలాగని కేసు వేయకముందు మీరు నిజంగా లేట్ అయిన నెలలు పోవు, డిశ్చార్జ్ అప్పుని తీసేస్తుంది గానీ జరిగిన చరిత్రని తుడిచేయదు, వాటి మీద డిస్ప్యూట్, అంటే ఇది తప్పని అభ్యంతరం పెట్టి టైమ్ వృథా చేసుకోవద్దు.

అప్పు అమ్మేసిన కేసులు జాగ్రత్తగా చూడండి. మీరు ఫలానా బ్యాంక్ కార్డు అని షెడ్యూల్‌లో రాశారు, ఆ బ్యాంక్ దాన్ని ఎవరికో అమ్మేసింది, ఇప్పుడు ఆ కొన్న ఏజెన్సీ పేరు మీద అదే అప్పు పూర్తి బ్యాలెన్స్‌తో కూర్చుని ఉంటుంది. పేరు కొత్తగా ఉంది కదా అని ఇది వేరే అప్పు అనుకోకండి, రిపోర్ట్‌లో అసలు అప్పు ఎవరిదో చెప్పే చోట చూస్తే దొరికిపోతుంది. డిశ్చార్జ్ కొన్నవాడికీ వర్తిస్తుంది. ఇలాంటివాళ్ళు ఇంకో పని కూడా చేస్తారు, మొదటి డెలింక్వెన్సీ తేదీని తర్వాతి తేదీకి జరిపేసి ఏడేళ్ళు మళ్ళీ మొదలైనట్టు చూపిస్తారు. ఇది చట్టవిరుద్ధం, అప్పు ఎన్ని చేతులు మారినా ఆ తేదీ మారకూడదు, అందుకే మీ కాగితం మీద ఆ గడి తప్పకుండా నింపమంటున్నాను.

అన్నీ సున్నా అవ్వాలని మాత్రం లేదు. స్టూడెంట్ లోన్లు మామూలుగా రద్దు కావు, వాటికి విడిగా కోర్టులో దావా వేసి గెలిస్తే తప్ప. పిల్లల మెయింటెనెన్స్ పోదు. కారు అప్పుని రీఅఫర్మ్ చేశారంటే, అంటే రద్దు కాకుండా కడతామని మళ్ళీ ఒప్పుకున్నారంటే, అది బతికున్న అప్పు, బ్యాలెన్స్ చూపిస్తారు, నెలనెలా కట్టేది మీ ఖాతాలో మంచిగా పడాలి, పడుతోందో లేదో చూడండి. ఇల్లు రీఅఫర్మ్ చేయకుండా ఉంచుకుని కడుతూ పోతుంటే అది రిపోర్ట్‌లో డిశ్చార్జ్ అయిన సున్నా అకౌంట్‌గా కనపడి మీరు ప్రతినెలా కట్టేది ఎక్కడా కనపడకపోవచ్చు. బాధగానే ఉంటుంది గానీ రిపోర్ట్ చేసి తీరాలని బ్యాంక్‌ని బలవంతం చేసే చట్టం లేదు, అందుకని మీ సర్వీసర్ (లోన్ వాయిదాలు తీసుకునే కంపెనీ) దగ్గర నుంచి పేమెంట్ హిస్టరీ ఏడాదికోసారి రాతపూర్వకంగా తీసుకుని పెట్టుకోండి, రీఫైనాన్స్‌కో కొత్త లోన్‌కో వెళ్ళినప్పుడు అదే మీకు సాక్ష్యం.

కేసు లైన్ కూడా చూడండి, చాప్టర్ ఏదో రిపోర్ట్‌లో చెప్పి తీరాలి, డిశ్చార్జ్ అయినదాన్ని డిస్మిస్ (కోర్టు కొట్టేసింది) అని రాశారేమో, ఒకే కేసు రెండుసార్లు ఉందేమో, ఫైలింగ్ తేదీ బదులు డిశ్చార్జ్ తేదీ నుంచి లెక్కేశారేమో. కేసుని మీరే వెనక్కి తీసుకుని ఉంటే దాని కాగితం పంపి విత్‌డ్రా అయిందని రాయమని అడిగే హక్కు ఉంది. కోర్టుకి ఫోన్ చేసి తీసేయమంటే లాభం లేదు, కోర్టులు క్రెడిట్ కంపెనీలకి ఏమీ పంపవు, పబ్లిక్ రికార్డుల నుంచి ఆ కంపెనీలే తెప్పించుకుంటాయి.

మన పేర్ల సంగతి

మనవాళ్ళకి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. ఇంటిపేరు ఒక చోట ముందూ ఇంకో చోట వెనకా, ఒక కార్డులో పూర్తి పేరు, ఇంకో దాంట్లో ఇనిషియల్, పెళ్ళయ్యాక భర్త పేరు చివర చేరడం, పైగా రావు, రెడ్డి, కుమార్, లక్ష్మి లాంటివి ఎంతమందికి ఉంటాయో మీకు తెలుసు. ఇద్దరి ఫైళ్ళు కలిసిపోవడానికి ఇది సరిపోతుంది, తండ్రి కేసు కొడుకు రిపోర్ట్‌లో కనపడొచ్చు, ఎప్పుడూ చూడని మనిషి కలెక్షన్ మీ నెత్తిన పడొచ్చు. రిపోర్ట్ మొదటి పేజీలో పేర్లు, పాత అడ్రస్‌లు, పుట్టినతేదీ ముందు చూడండి, మీరు ఎప్పుడూ ఉండని ఊరు అక్కడుందంటే కింద తప్పు అకౌంట్ ఉందేమో వెతకండి, ఆ అడ్రస్ కూడా తీసేయమని రాయండి.

భార్యాభర్తల్లో ఒకరే కేసు వేస్తే అది వేసినవాళ్ళ రిపోర్ట్‌లోనే ఉండాలి. కానీ జాయింట్ అకౌంట్ అయితే రెండోవాళ్ళ మీద అప్పు అలాగే నిలబడుతుంది, కో-సైన్ చేసిన, అంటే మీ అప్పుకి తనూ బాధ్యుడిగా సంతకం పెట్టిన అన్నయ్యో స్నేహితుడో ఉన్నా అంతే, మీ డిశ్చార్జ్ వాళ్ళని కాపాడదు. వాళ్ళకి ముందే ఒక మాట చెప్పండి, వాళ్ళ స్కోర్ పడిపోయాక తెలిస్తే సంబంధాలు చెడిపోతాయి.

డిస్ప్యూట్ ఎలా రాయాలి

ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, కానీ నా మాట వింటే ఉత్తరం రాసి సర్టిఫైడ్ మెయిల్‌లో రిటర్న్ రిసీట్‌తో పంపండి, రేపు గొడవైతే ఎప్పుడు అందిందో రుజువు చేతిలో ఉంటుంది. తప్పు ఏ కంపెనీ రిపోర్ట్‌లో ఉందో ఆ కంపెనీకే రాయాలి, మూడిట్లో ఉంటే మూడు ఉత్తరాలు. పూర్తి పేరు, పుట్టినతేదీ, అడ్రస్, కేసు నంబర్, ఫైలింగ్ తేదీ, డిశ్చార్జ్ తేదీ, ఆ తర్వాత ఒక్కో అకౌంట్‌కి రెండు మూడు వాక్యాలు, ఇప్పుడు ఏముంది, ఎందుకు తప్పు, ఏమని మార్చాలి. బ్యాలెన్స్ 4,200 డాలర్లు అని చూపిస్తున్నారు, ఈ అప్పు ఫలానా తేదీన డిశ్చార్జ్ అయింది, బ్యాలెన్స్ సున్నా చేసి డిశ్చార్జ్ అయినట్టు చూపించండి, అంతే, కష్టాలన్నీ రాయక్కర్లేదు. డిశ్చార్జ్ ఆర్డర్ కాపీ, ఆ అప్పు ఉన్న షెడ్యూల్ పేజీ, రిపోర్ట్‌లో తప్పున్న పేజీ మీద గుర్తుపెట్టి, ఐడీ, అడ్రస్ రుజువు జత చేయండి, ఒరిజినల్స్ ఎప్పుడూ పంపొద్దు. నెట్‌లో దొరికే రెడీమేడ్ ఉత్తరాలు కాపీ కొట్టి అన్ని అకౌంట్ల మీదా ఒకేసారి వేస్తే పనికిమాలిన డిస్ప్యూట్ అని పక్కన పడేసే అధికారం వాళ్ళకి ఉంది.

అందిన రోజు నుంచి 30 రోజుల్లో విచారించాలి, మధ్యలో మీరు కొత్త కాగితాలు పంపితే ఇంకో 15 రోజులు, ఏడాదికోసారి హక్కుగా వచ్చే ఉచిత రిపోర్ట్ చూసి పెట్టిన డిస్ప్యూట్‌కి కూడా 45 రోజులు తీసుకోవచ్చు. విచారణ అయ్యాక 5 పనిదినాల్లో ఫలితం రాసి పంపాలి. రుజువు చేయలేకపోతే తీసేయాలి లేదా మార్చాలి. తీసేసినదాన్ని మళ్ళీ పెడితే 5 పనిదినాల్లో మీకు తెలియజేయాలి, అందుకని సరిచేశారని ఉత్తరం వచ్చాక కూడా రెండు నెలలకి ఇంకోసారి రిపోర్ట్ తీసి చూడండి.

ఒక ముఖ్యమైన సంగతి, ఫోన్ చేసి బ్యాంక్‌తోనో ఏజెన్సీతోనో మాత్రమే మాట్లాడి ఊరుకోవద్దు. వాళ్ళకి కూడా రాయండి, మంచిదే, కానీ డిస్ప్యూట్ క్రెడిట్ కంపెనీ ద్వారా వెళ్ళాకే ఆ బ్యాంక్ సరిగ్గా విచారించలేదని దావా వేసే హక్కు మీకు వస్తుంది, బ్యాంక్‌కి మాత్రమే రాసి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది.

అంతా సరిగ్గా పంపినా వెరిఫైడ్ (ఉన్నదే సరైంది) అని తిప్పి పంపారనుకోండి, వినియోగదారుల ఆర్థిక రక్షణ చూసే ఫెడరల్ సంస్థ సీఎఫ్‌పీబీ సైట్‌లో కంప్లయింట్ పెట్టండి, అదే కాగితాలతో. అప్పటికీ కదలకపోతే కన్స్యూమర్ లాయర్ దగ్గరికి వెళ్ళండి, తెలిసీ ఉల్లంఘించారని తేలితే అసలు నష్టం గానీ 100 నుంచి 1,000 డాలర్ల దాకా గానీ ఇప్పించొచ్చు, గెలిస్తే లాయర్ ఫీజు కూడా అవతలివాళ్ళే కట్టాలి, అందుకే చాలామంది లాయర్లు ముందు డబ్బు అడగకుండానే తీసుకుంటారు. తప్పు మీకు తెలిసిన రెండేళ్ళలోపు, జరిగిన ఐదేళ్ళలోపు, ఏది ముందైతే అది, అప్పటిలోగా వేయాలి. ఇక రద్దైన అప్పు కట్టమని ఫోన్లు చేస్తుంటే అది కోర్టు ఆర్డర్‌ని ధిక్కరించడం, మీ బ్యాంక్రప్ట్సీ లాయర్‌కి వెంటనే చెప్పండి, అవసరమైతే కేసు తిరిగి తెరిపించి అడుగుతారు.

షెడ్యూల్‌లో ఒక అప్పు రాయడం మర్చిపోయి ఉంటే ముందు లాయర్‌ని అడగండి, పంచడానికి ఆస్తేమీ లేని చాప్టర్ 7 కేసుల్లో చాలా కోర్టులు దాన్నీ డిశ్చార్జ్ అయినట్టే చూస్తాయి, కానీ అన్నిచోట్లా ఒకటే కాదు.

డబ్బు తీసుకుని తీసేయిస్తామనేవాళ్ళు

వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి మెసేజ్‌లు చూసే ఉంటారు, బ్యాంక్రప్ట్సీ మొత్తం తీయించేస్తాం, ముందు ఇంత కట్టండి అని. పని పూర్తికాకముందు డబ్బు తీసుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది, కాంట్రాక్ట్ మీద సంతకం చేశాక మూడు పనిదినాల్లోపు రద్దుచేసుకోవచ్చు. సోషల్ సెక్యూరిటీ నంబర్ బదులు కొత్త నంబర్ ఇస్తాం, సీపీఎన్ అంటారు, దాంతో కొత్త క్రెడిట్ మొదలుపెట్టుకోండి అనేవాళ్ళ దగ్గర్నుంచి పరిగెత్తండి, ఆ నంబర్‌తో లోన్ అప్లై చేస్తే మోసం కేసు మీ మీద పడుతుంది, వీసా మీద ఉన్నవాళ్ళకి దాని పర్యవసానం ఇంకా పెద్దది. వాళ్ళు చట్టబద్ధంగా చేయగలిగిందేదైనా మీరు ఉత్తరం ఖర్చుతో చేసుకోగలరు.

మళ్ళీ కట్టుకోవడం

ఇది అందరూ చెప్పేదే కాబట్టి కొంచెమే చెప్తాను. ఒక సెక్యూర్డ్ కార్డు (ముందు డిపాజిట్ కట్టి తీసుకునేది) తీసుకుని చిన్న ఖర్చు పెట్టి నెలనెలా పూర్తిగా కట్టేయండి, తీసుకునేముందు మూడు కంపెనీలకీ రిపోర్ట్ చేస్తారా అని అడగండి, చేయకపోతే దండగ. లోన్ ఇచ్చేవాళ్ళు ఎక్కువగా చూసే ఫైకో స్కోర్‌లో 35 శాతం టైమ్‌కి కట్టడం, 30 శాతం ఎంత వాడుతున్నారనేది, మిగతావన్నీ చిన్నవి. చాప్టర్ 13 ప్లాన్ నడుస్తుండగా కొత్త అప్పు తీసుకోవాలంటే ట్రస్టీదో (మీ కేసు పర్యవేక్షించే వ్యక్తి) కోర్టుదో అనుమతి కావాలి, మర్చిపోకండి.

ఇల్లు కొనాలనుకునేవాళ్ళకి, ఎఫ్‌హెచ్‌ఏ లోన్ (ప్రభుత్వ హామీ ఉన్న ఇంటి లోన్) మామూలుగా చాప్టర్ 7 డిశ్చార్జ్ అయిన రెండేళ్ళకి దొరుకుతుంది, చాప్టర్ 13 ప్లాన్‌లో ఏడాది సరిగ్గా కట్టి కోర్టు అనుమతి ఉంటే అప్పుడూ అవకాశం ఉంది. బ్యాంకుల దగ్గర్నుంచి ఇంటి లోన్లు కొనే సంస్థ ఫ్యానీ మే రూల్స్‌తో వచ్చే మామూలు లోన్‌కి చాప్టర్ 7 తర్వాత నాలుగేళ్ళు, చాప్టర్ 13 డిశ్చార్జ్ తర్వాత రెండేళ్ళు. గమనించండి, ఇవి డిశ్చార్జ్ నుంచి లెక్క, రిపోర్ట్ లెక్కేమో ఫైలింగ్ నుంచి. అంటే బ్యాంక్రప్ట్సీ లైన్ పోకముందే ఇల్లు కొనొచ్చు, కానీ అప్పటికి కింద అకౌంట్లన్నీ సున్నా అయి ఉండాలి, లేదంటే లోన్ ఇవ్వొచ్చో లేదో తేల్చే అండర్‌రైటర్ దగ్గర వారాల తరబడి ఆగిపోతుంది, అప్లై చేయడానికి కనీసం ఆర్నెల్ల ముందే ఈ పనంతా ముగించుకోండి.

ఉద్యోగం, అద్దె ఇల్లు

ఉద్యోగానికి మీ రిపోర్ట్ చూడాలంటే రాతపూర్వకంగా మీ అనుమతి తీసుకోవాలి, దాన్ని బట్టి తిరస్కరించేముందు కాపీ మీకివ్వాలి. బ్యాంక్రప్ట్సీ వేశారన్న ఒక్క కారణంతో ప్రభుత్వ సంస్థలు ఉద్యోగం నిరాకరించకూడదు, ఉన్న ఉద్యోగంలోంచి ప్రైవేట్ కంపెనీ కూడా తీసేయకూడదు, కొత్తగా చేర్చుకునే విషయంలో మాత్రం ప్రైవేట్ కంపెనీల మీద ఆ రక్షణ వర్తించదని చాలా కోర్టులు చెప్పాయి.

లోన్ గానీ అద్దె ఇల్లు గానీ రిపోర్ట్ కారణంగా ఇవ్వకపోతే ఏ కంపెనీ రిపోర్ట్ వాడారో మీకు చెప్పాలి, అప్పటి నుంచి 60 రోజుల్లోపు ఆ కంపెనీ నుంచి ఉచితంగా కాపీ అడగొచ్చు. అద్దెదారుల వివరాలు చూసే కంపెనీలు ఈ మూడూ కాకుండా వేరే ఉంటాయి, వాటికీ ఇవే కాలపరిమితులు, ఇదే డిస్ప్యూట్ పద్ధతి, పెద్ద మూడిట్లో సరైపోయిన తప్పు అక్కడ పాతదే కూర్చుని ఉండొచ్చు, అదే డిశ్చార్జ్ ఆర్డర్, అదే షెడ్యూల్ పేజీ వాళ్ళకీ పంపండి.